ఎర్రజెండా ఎగిరింది ఆఫీసు మీద

2024 ఏప్రిల్‌లో విశాఖ నుంచి బ్యాంకాక్‌కి థాయ్ ఎయిర్‌ఏషియా నేరుగా సర్వీసు వేసింది. ఆ వారమే, స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరైన మా మావయ్య గాజువాక నుంచి ఫోన్ చేశాడు. “ఏరా, టికెట్లు చవగ్గానే ఉన్నాయి. కానీ అమెరికా వాళ్లు థాయ్‌లాండ్‌ని రెండో రకం కింద వేశారట కదా. ఎర్రజెండా కూడా ఏదో ఎగరేశారట. మీ అత్తయ్య భయపడుతోంది. వెళ్లమంటావా?”

భయం అత్తయ్యది కాదని ఇద్దరికీ తెలుసు. ప్రశ్న మాత్రం మంచిదే. ఆయన విన్న రెండు ముక్కల్లోనూ నిజం ఉంది. ఎర్రజెండా అప్పటికి ఆరున్నరేళ్ల కిందటే దింపేశారు. అమెరికా వేసిన ముద్ర అప్పటికి ఇంకా అలాగే ఉంది (అమెరికా లెక్కలో ఒక దేశంలో విమానాల మీద ప్రభుత్వ నిఘా సరిపోతే మొదటి రకం, సరిపోకపోతే రెండో రకం). కానీ ఆ రెండూ కలిపి ఆయన తీసిన అర్థం, అంటే “ఆ విమానాలు ఎక్కితే ప్రమాదం” అన్నది, ఆ జెండాలో లేదు. మరి అందులో ఏముంది అన్నది కాస్త విడమరిచి చెప్పుకోవాల్సిన సంగతి.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి తనిఖీ

ఏటా జూన్‌లో బడులు తెరిచే ముందు మన ఊళ్లలో స్కూలు బస్సులు ఆర్టీవో ఆఫీసు దగ్గర బారులు తీరతాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి టైర్లు చూస్తాడు, వెనక ఎమర్జెన్సీ తలుపు తెరిపిస్తాడు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం పెడతాడు. ఇప్పుడు ఆ ఆఫీసుకి పైనుంచి ఒక బృందం వచ్చిందనుకోండి. వాళ్లు ఒక్క బస్సు కిందకీ తొంగిచూడరు. ఇన్‌స్పెక్టర్లు ఎంతమంది, బస్సులెన్ని, ఒక్కోదాన్ని ఎంతసేపు చూస్తున్నారు, చూసినట్టు కాగితం ఉందా, పోయినేడు దొరికిన లోపాన్ని సరిచేశారో లేదో మళ్లీ వెళ్లి చూసుకున్నారా అని అడుగుతారు. ఆఖరికి “ఈ ఆఫీసు ఇచ్చే ఫిట్‌నెస్ కాగితాన్ని నమ్మలేం” అని రాసి వెళ్లిపోతారు.

అంతమాత్రాన రేపు ఆ ఊళ్లో బస్సులన్నీ బోల్తా పడవు. శ్రద్ధగా చూసుకునే స్కూలు బస్సు నిక్షేపంగానే తిరుగుతుంది. చూసుకోని స్కూలు బస్సూ తిరుగుతుంది. చిక్కేమిటంటే ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే కాగితం.

2015 జనవరిలో థాయ్‌లాండ్‌లో జరిగింది సరిగ్గా ఇదే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, పొట్టిపేరుతో ఐకావో, అక్కడి పౌర విమానయాన శాఖని ఆడిట్ చేసింది. ఐకావో 1944 నాటి షికాగో ఒప్పందం నుంచి పుట్టింది, 193 దేశాలు సభ్యులు. ఆ ఒప్పందం సారం ఒక్క మాటలో చెప్పొచ్చు: ఎవరి ఎయిర్‌లైన్‌కి వాళ్లే పూచీ. థాయ్ కంపెనీ భద్రంగా ఉందని థాయ్ ప్రభుత్వం సర్టిఫికెట్ ఇస్తే, శంషాబాద్‌లో దిగే ముందు మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆ కంపెనీని మొదట్నుంచీ పరీక్షించక్కర్లేదు. ప్రపంచమంతా ఇలా ఒకరి సంతకాన్ని ఒకరు నమ్మే పద్ధతి మీదే విమానాలు ఎగురుతున్నాయి. సంతకం మీద అనుమానం వస్తే కదిలేది ఆ పునాదే.

ఆడిట్ చూసేది ఎనిమిది అంశాలు. చట్టం ఉందా, దాని కింద నిబంధనలు ఉన్నాయా, అమలు చేసే వ్యవస్థ ఉందా, అందులో చదువూ అనుభవమూ ఉన్న మనుషులున్నారా, వాళ్ల చేతికి రాతపూర్వకమైన మార్గదర్శకాలు ఇచ్చారా, లైసెన్సులూ సర్టిఫికెట్లూ ఎలా ఇస్తున్నారు, ఇచ్చాక నిఘా పెడుతున్నారా, తేలిన లోపాన్ని చివరిదాకా వెంటాడుతున్నారా. విమానం ఇంజన్ ప్రస్తావన ఇందులో ఎక్కడా లేదు, గమనించారా.

థాయ్‌లాండ్ తప్పిన చోటు, ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్లు ఇచ్చే పద్ధతి. ప్రయాణికుల్ని ఎక్కించుకుని డబ్బు తీసుకోవడానికి ఒక కంపెనీకి ఉండాల్సిన మూల పత్రం అది. ఎందుకు తప్పిందో అర్థం కావాలంటే పదేళ్లు వెనక్కి వెళ్లాలి. 2003 చివర్లో వన్ టు గో, 2004లో థాయ్ ఎయిర్‌ఏషియా, నోక్ ఎయిర్, 2013 డిసెంబర్‌లో థాయ్ లయన్ ఎయిర్ వచ్చాయి. మధ్యలో విమానాల్ని అద్దెకి నడిపే చార్టర్ కంపెనీల సంగతి చెప్పక్కర్లేదు. చవక టికెట్లతో ఆకాశం కిక్కిరిసింది. సర్టిఫికెట్లు రాసే ఆఫీసు మాత్రం పాత గవర్నమెంటు శాఖగానే మిగిలింది. ఒక జెట్ పైలట్‌ని పరీక్షించాలంటే జెట్ నడిపిన అనుభవం ఉన్నవాడే కావాలి. అలాంటివాడికి ఎయిర్‌లైన్ ఇచ్చే జీతమెక్కడ, సర్కారు స్కేలు ఎక్కడ? పైగా ఆ శాఖే ప్రాంతీయ విమానాశ్రయాలూ నడిపేది. ఆటగాడూ తానే, అంపైరూ తానే.

(ఇక్కడ మనం కాలర్ ఎగరేయనక్కర్లేదు. 2014 జనవరి 31న అమెరికా మన డీజీసీఏని కూడా ఆ రెండో రకంలోనే పడేసింది. చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది ఫ్లైట్ ఆపరేషన్స్ ఇన్‌స్పెక్టర్ల కొరతే. 2015 ఏప్రిల్‌లో మనం బయటపడ్డాం, అదే డిసెంబర్‌లో థాయ్‌లాండ్ లోపలికి వెళ్లింది. ఆ పద్నాలుగు నెలలూ మావయ్య ఇండియా విమానాలు ఎక్కుతూనే ఉన్నాడు, నాకు ఫోన్ చెయ్యలేదు.)

ఆడిట్ సంగతి బయటికి పొక్కగానే దెబ్బ తగిలింది వ్యాపారానికి. 2015 మార్చి ఆఖర్న జపాన్, ఆ వెంటనే దక్షిణ కొరియా, థాయ్ కంపెనీల కొత్త సర్వీసులకీ చార్టర్లకీ అనుమతి ఆపేశాయి. థాయ్‌ల కొత్త సంవత్సరం సోంగ్‌క్రాన్ ఏప్రిల్ మధ్యలో వస్తుంది, అది వాళ్లు జపాన్‌కి విమానాలు నింపుకునే సీజన్. జూన్ 18న ఐకావో తన వెబ్‌సైట్‌లో థాయ్‌లాండ్ పేరు పక్కన ఎర్రజెండా పెట్టింది. అసలు పేరు “ముఖ్యమైన భద్రతా ఆందోళన”. ఐకావోకి పోలీసులు లేరు, ఏ విమానాన్నీ ఆపే అధికారం లేదు. చేయగలిగింది ఇంతే, పేరు పక్కన గుర్తు పెట్టడం. అది చాలు.

అప్పుడు అధికారంలో ఉన్నది సైనిక ప్రభుత్వం. ప్రధాని ప్రయూత్ చాన్-ఓచా తాత్కాలిక రాజ్యాంగంలోని 44వ అధికరణం కింద ఉన్న ప్రత్యేకాధికారాల్ని ఈ పనికి వాడాడు. 2015 అక్టోబర్ 1న పాత శాఖని చీల్చి, విమానాశ్రయాల్ని వేరే శాఖకి అప్పజెప్పి, నిఘా కోసం క్యాట్ అనే స్వతంత్ర సంస్థని పెట్టారు. ఆ తర్వాతే అసలు పని మొదలైంది. అంతర్జాతీయంగా తిరిగే ప్రతి కంపెనీ తన సర్టిఫికెట్‌ని మళ్లీ మొదట్నుంచీ సంపాదించుకోవాలి. దరఖాస్తుకి ముందు మాటామంతీ, అసలు దరఖాస్తు, మాన్యువళ్ల పరిశీలన, చేసి చూపించడం, ఆఖర్న సర్టిఫికెట్, ఇలా ఐదు మెట్లు. బ్రిటన్ విమానయాన నియంత్రణ సంస్థ విభాగం ఒకటి వచ్చి చేయి పట్టి నేర్పింది. 2017 సెప్టెంబర్ 1 నాటికి కొత్త కాగితం చేతికి రాని కంపెనీలు విదేశీ సర్వీసులు మానుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 6న జెండా దిగింది.

జెండా ఉన్న ఆ రెండేళ్ల పైచిలుకు కాలంలో ఒక్క థాయ్ ప్యాసింజర్ జెట్ కూడా కూలలేదు.

జెండా లేని రోజున

మరి కూలినప్పుడు? 2007 సెప్టెంబర్ 16. వన్ టు గో ఎండీ-82 విమానం బ్యాంకాక్‌లోని డాన్ ముయాంగ్ విమానాశ్రయం నుంచి 130 మందితో ఫుకెట్ దీవికి వచ్చింది. జోరువాన, రన్‌వే దగ్గర గాలి ఉన్నపాటున దిశా వేగమూ మార్చుకుంటోంది. పైలట్లు దిగడం మానుకుని మళ్లీ పైకి లేవాలనుకున్నారు. ఆ నిర్ణయం తప్పేమీ కాదు, శిక్షణలో చెప్పేదే అది. కానీ పైకి లేవాలంటే ఇంజన్లకి పూర్తి శక్తి ఇవ్వమని చెప్పే మీట ఒకటి నొక్కాలి, అది నొక్కలేదు. ముక్కు పైకెత్తిన విమానానికి ఇంజన్లు ఊపిరి బిగపట్టి కూర్చున్నాయి. కీలకమైన ఆ సెకన్లు దాటాక ఎవరికైనా చేయడానికి ఏమీ మిగల్లేదు. 90 మంది పోయారు.

దర్యాప్తులో తేలిన సంగతుల్లో నన్ను ఎక్కువ కుదిపింది ఆ మీట కాదు, డ్యూటీ రిజిస్టరు. ఇద్దరు పైలట్లూ చట్టం అనుమతించిన గంటల్ని దాటేసి పనిచేస్తున్నారు. ఆ వారం లెక్కలోనూ, ఆ నెల లెక్కలోనూ. ఇదేమీ ఆకాశంలో దాక్కున్న రహస్యం కాదు. ఒక ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి వెళ్లి రోస్టరు తెప్పించుకుని, వేలితో కూడితే అరగంటలో దొరికే తప్పు. కూడే మనిషి లేడు.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 2007లో థాయ్‌లాండ్ మీద ఎర్రజెండా లేదు. అమెరికా లెక్కలో 1997 నుంచీ మొదటి రకం. అంటే కాగితం మీద అంతా బాగున్న రోజునే ఆ విమానం కూలింది. కాగితం బాగోలేదని ప్రపంచం కోడై కూసిన రోజుల్లో కూలలేదు. జెండా రేపటి జోస్యం చెప్పదు, నిన్నటిదాకా పోగుపడిన నిర్లక్ష్యాన్ని ఆలస్యంగా రాసుకుంటుంది. ఆలస్యమైనా రాసుకోవడం మంచిదే అంటాను. ఎందుకంటే ఆ రోస్టరుని కూడే మనిషిని నియమించింది చివరికి ఆ జెండానే.

ముద్ర వేసేవాళ్లు ఒకరు కాదు, అక్కడే మావయ్యలాంటివాళ్లు తికమకపడతారు. ఐకావో దేశాన్ని చూస్తుంది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ కూడా దేశాన్నే చూస్తుంది, కానీ తన గడప దాకా వచ్చే దేశాల్నే చూస్తుంది. రెండో రకం అంటే ఆ దేశపు కంపెనీలు అమెరికాకి కొత్త సర్వీసు వేయకూడదు, అమెరికన్ కంపెనీలు వాళ్ల విమానంలో సీట్లని తమ కోడ్, అంటే తమ ఫ్లైట్ నంబరు, పెట్టి అమ్ముకోకూడదు. తమాషా ఏమిటంటే, 2015 డిసెంబర్ 1న ఆ ముద్ర పడేనాటికి అమెరికాకి ఎగిరే థాయ్ విమానమే లేదు, థాయ్ ఎయిర్‌వేస్ లాస్ ఏంజెలిస్ సర్వీసుని అంతకు నెల ముందే ఆపేసుకుంది. అందుకే ముద్ర చెరుపుకోవాలన్న తొందర కూడా ఐకావో జెండా విషయంలో ఉన్నంత కనిపించలేదు. 2025 ఏప్రిల్‌లో గానీ మొదటి రకం తిరిగి రాలేదు. ఐరోపా దారి వేరు. అక్కడ దేశం మొత్తాన్నీ నిషేధించొచ్చు, ఒక్క కంపెనీనీ నిషేధించొచ్చు. 2009లో వన్ టు గోని ఒక్కదాన్నే జాబితాలో పెట్టింది. 2015లో అందరూ థాయ్‌లాండ్‌ని నిలదీస్తున్నప్పుడు మాత్రం ఒక్క థాయ్ కంపెనీనీ పెట్టలేదు. నన్నడిగితే ప్రయాణికుడికి కాస్త పనికొచ్చేది ఈ మూడో జాబితానే. అది ఆఫీసు దగ్గర ఆగకుండా కంపెనీ పేరుదాకా వస్తుంది.

తోక మీది అక్షరాలు

కంపెనీ పేరు అన్నాను గానీ, ఆ పేరే పెద్ద మాయ. ఎర్ర రంగు, తెల్ల అక్షరాలు చూసి అందరూ “ఎయిర్‌ఏషియా” అంటారు. మావయ్య పంపిన టికెట్ ఫొటోలో విమానం నంబరు ముందు “ఎఫ్‌డి” అని ఉంది. అది థాయ్ కంపెనీ కోడ్. “ఏకే” అని ఉంటే మలేసియాది, “క్యూజడ్” ఇండోనేసియాది. రంగు ఒకటే, సర్టిఫికెట్లు వేరు, వాటి మీద సంతకం పెట్టిన ఆఫీసులు వేరు. లయన్ కూడా అంతే: “జేటీ” ఇండోనేసియాలో పుట్టిన అసలు లయన్ ఎయిర్, “ఎస్ఎల్” థాయ్ లయన్. జకార్తా నుంచి బయల్దేరి సముద్రంలో కూలిన లయన్ విమానం గురించి చదివి బ్యాంకాక్ టికెట్ రద్దు చేసుకున్నవాళ్లకి ఈ తేడా ఎవరూ చెప్పి ఉండరు.

విమానం వెనక భాగాన చిన్నగా రాసి ఉండే అక్షరాలూ చూడొచ్చు. మన విమానాలకి “వీటీ”, థాయ్ విమానాలకి “హెచ్‌ఎస్”. టికెట్ ఒక కంపెనీ పేరున అమ్మి ఇంకో కంపెనీ విమానం ఎక్కించడం మామూలే కాబట్టి, బుకింగ్ పేజీలో సన్నక్షరాల్లో ఉండే “ఆపరేటెడ్ బై” అన్న వాక్యమే అసలు సమాచారం. బొమ్మల మీద నమ్మకం పెట్టుకోకండి. 2013 సెప్టెంబర్‌లో బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలో థాయ్ ఎయిర్‌వేస్ ఏ330 ఒకటి రన్‌వే పక్కకి జారి కూలబడితే, తెల్లారేసరికి తోక మీదున్న లోగోకి నల్లరంగు పూసేశారు.

బయల్దేరే ఊరుతో ప్రమాదాన్ని ముడిపెట్టడం ఇంకో పొరపాటు. 2024 డిసెంబర్ 29న 179 మందిని బలిగొన్న జేజు ఎయిర్ విమానం బయల్దేరింది బ్యాంకాక్ నుంచే. వార్తల్లో బ్యాంకాక్ పేరు చూసి చాలామంది ఉలిక్కిపడ్డారు. కానీ అది కొరియా కంపెనీ, కూలింది కొరియాలోని ముయాన్‌లో, రన్‌వే చివర మట్టిదిబ్బలో పాతిన కాంక్రీటు కట్టడాన్ని గుద్దుకుని. ఆడిట్ మార్కుల్లో కొరియా కొన్నేళ్లుగా ముందు బెంచీ విద్యార్థి. నిఘా బాగున్న చోట కూడా ఒక దిబ్బ అన్నేళ్లూ అక్కడే ఉండిపోయింది.

ఇక పెద్ద కంపెనీల నీడ దాటితే లెక్క మారుతుంది. 2024 ఆగస్టు 22న సువర్ణభూమి నుంచి త్రాట్ వెళ్తున్న చిన్న సెస్నా కారవాన్ చాచెంగ్‌సావ్‌లో బురదనేలలో కూలి తొమ్మిదిమందీ పోయారు. ద్వీపాలకి వెళ్లే టూరిస్టులు కొందరు ఇలాంటి చిన్న విమానాలూ ఎక్కుతారు. చార్టర్‌కి నిబంధనలు ఉండవని కాదు. పెద్ద ఎయిర్‌లైన్‌ని సొంత భద్రతా విభాగం, కోడ్ పంచుకునే భాగస్వాములు, ఐరోపా తనిఖీలు, లీజుకిచ్చిన కంపెనీ, ఇన్సూరెన్స్‌వాళ్లు, ఇలా పదిమంది గమనిస్తుంటారు. చిన్న కంపెనీకి ఆ పదిమందీ ఉండరు. అక్కడ ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ ఒక్కడే దిక్కు. ఆఫీసు బలహీనంగా ఉంటే ముందు ముప్పు వచ్చేది ఈ చిన్న విమానాల్లోనే.

మావయ్యకి చెప్పింది

ఇందులో అప్పటికి జరిగినంతవరకూ చెప్పాక ఆయన అడిగింది ఒకటే. “సరేరా, అసలు భయపడాల్సింది దేనికి?”

విమానంలోనైతే బెల్టు. ఆ మరుసటి నెలే దానికి ఉదాహరణా దొరికింది. 2024 మే 21న లండన్ నుంచి వస్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మయన్మార్ మీద కుదుపులో చిక్కుకుని బ్యాంకాక్‌లో దిగింది. ప్రాథమిక నివేదిక ప్రకారం, ఐదు సెకన్లైనా పట్టని ఆ కాసేపట్లో విమానం జారింది 178 అడుగులే. అంత చాలు, బెల్టు లేనివాళ్లు కప్పుకి గుద్దుకోవడానికి. ఒక ప్రయాణికుడు చనిపోయాడు. బెల్టు దీపం వెలిగి కొద్ది సెకన్లే అయింది. నిఘాలో సింగపూర్‌ని వేలెత్తి చూపేవాళ్లు లేరు.

ఇక దిగాక రోడ్డు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నివేదికలో థాయ్‌లాండ్‌లో ఏటా లక్ష జనాభాకి 32.7 మంది రోడ్డు మీద చనిపోతున్నారు. అదే నివేదికలో మన దేశం అంకె 22.6. మన రోడ్లు చూసినవాళ్లు కూడా నోరెళ్లబెట్టాల్సిన సంగతే. 2023 నివేదిక నాటికి అక్కడి అంకె 25.4కి తగ్గింది, అయినా ఏటా పద్దెనిమిది వేల పైమాటే, రోజుకి సుమారు యాభై మంది. 2007లో ఫుకెట్ విమానంలో పోయినంతమంది అక్కడి రోడ్ల మీద రెండు రోజుల్లో పోతున్నారు. వాళ్లలో అత్యధికులు మోటార్‌సైకిళ్ల మీదున్నవాళ్లు. సోంగ్‌క్రాన్ సెలవులకీ కొత్త సంవత్సరానికీ ప్రభుత్వమే “ఏడు ప్రమాదకర రోజులు” అని పేరుపెట్టి మృతుల లెక్క రోజూ ప్రకటిస్తుంది. పడవలూ తక్కువేం కాదు: 2018 జులై 5న ఫుకెట్ దగ్గర టూరిస్టు పడవ మునిగి 47 మంది చైనీయులు పోయారు. తుఫాను వాతావరణంలో బయల్దేరిన పడవ అది.

విమానానికి పదిమంది కాపలా ఉన్నారని ఇందాక అన్నాను. వీధి చివర స్కూటర్ అద్దెకిచ్చే కొట్టుకి ఎవరున్నారు? అక్కడ బ్రేకు చూసుకునే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మావయ్యే. ఇది చెప్పినప్పుడు ఆయన నవ్వాడు.

వెళ్లారు. నాలుగో రోజు పొద్దున్న ఫుకెట్‌లోని పటాంగ్ బీచ్ దగ్గర్నుంచి వాట్సాప్‌లో గొంతు పంపాడు. “ఏరా, విమానం భేషుగ్గా ఉంది. స్కూటర్ రోజుకి మూడొందల బాత్‌లు అంటున్నాడు. పాస్‌పోర్టు తన దగ్గర పెట్టమంటున్నాడు. తీసుకోనా?”

పాస్‌పోర్టు ఇవ్వొద్దన్నాను. వైజాగ్ ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నావా అని అడిగాను. తీసుకోలేదు. అది లేకుండా బండి నడిపి పడితే ట్రావెల్ ఇన్సూరెన్స్‌వాళ్లు పైసా ఇవ్వకపోవచ్చని రాశాను. రెండు నీలి టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు. సాయంత్రం అత్తయ్య ఫొటో పంపింది: ఎర్ర రంగు సోంగ్‌థావ్ (అక్కడి షేర్ ట్యాక్సీ ట్రక్కు) వెనక బల్ల మీద ఇద్దరూ, మావయ్య మొహం మాడ్చుకుని.